ఎర్ర వంతెన బొంత

కాళ్ళు లోపల పెట్టుకో కన్నా. దుప్పటి మెడదాకా లాక్కో. ఇవాళ బొంత కథ చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తుంది, నువ్వు జడుసుకోకు. ఆ కోపం నీ మీద కాదు.

అనగనగా ఒక ఊళ్ళో మూడు వీధులుండేవి. మెట్ట మీద ఎగువ వీధి. దాని కింద నడిమి వీధి. అన్నిటికన్నా కింద దిగువ వీధి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని ఆ ఊరి పెద్దలు మాటకి ముందోసారి, మాటకి వెనకోసారి అనేవాళ్ళు. అనడం వరకే. తమ ఇంటి మురుగు ఏ పల్లానికి పోతోందో ఒక్కళ్ళూ వంగి చూసిన పాపాన పోలేదు.

ఆ ఊళ్ళో ఒక మంచి ఆనవాయితీ ఉండేది. మంచిదే, కాదనను. ఊరి పిల్లల్లో ఎవరైనా పెద్ద చదువు పూర్తి చేస్తే, ఊరంతా కలిసి ఒక బొంత కుట్టి ఇచ్చేది. అందుకోసం ఇంటింటికీ ఒక వెదురుబుట్ట తిరిగేది. ప్రతి ఇల్లూ అందులో ఒక పాతగుడ్డ ముక్క వేసేది. అమ్మ చీర కొంగు, తాత పంచె అంచు, చంటివాడి లాగు, ఏదైనా సరే. కొత్తగుడ్డ మాత్రం వెయ్యకూడదు. ఒంటిమీద అరిగిన గుడ్డకే చలిని ఆపే గుణం ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఆ తర్వాత ఆడవాళ్ళంతా పెద్దింటి అరుగు మీద కూర్చుని ఆ ముక్కలన్నీ అతికి కుట్టేవాళ్ళు. నట్టనడుమ ఆ చదువుకున్న పిల్లవాడు చేసే పని బొమ్మ కుట్టేవాళ్ళు. పంతులైనవాడికి పలక. డాక్టరైనవాడికి మందుసీసా. బస్సు డిపోలో ఆఫీసరైనవాడికి బస్సు, దానికి చక్రాలూ, ఒక హారనూ. బొంత చూడగానే కప్పుకున్నవాడు ఏం పని చేస్తాడో తెలిసిపోవాలి. అదీ వాళ్ళ పద్ధతి.

మరి కోపమెందుకంటావా? ఆ బుట్ట ఎగువ వీధిలో బయల్దేరేది. నడిమి వీధంతా తిరిగేది. నడిమి వీధి చివర ఇసక గుంట దగ్గర ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. దిగువ వీధి గుమ్మం ఒక్కనాడూ తొక్కలేదు. దిగువ వీధి వాళ్ళు ఊళ్ళోవాళ్ళు కారా? వాళ్ళ ఒంటిమీద గుడ్డలు అరగవా? ఈ మాట అడిగినవాళ్ళే లేరు.

ఊరి మురుగు కాలవ కూడా సరిగ్గా ఆ ఇసక గుంట దాకానే వచ్చేది. ఎగువ వీధి కుడితి, నడిమి వీధి సబ్బునీళ్ళు, ఇంకా పడుకునేముందు చెప్పకూడనివి, నవ్వకు, అన్నీ ఆ గుంటలో పడేవి. "మా నీళ్ళు అక్కడే ఇంకిపోతాయి," అనేవాళ్ళు మెట్ట మీదివాళ్ళు. కళ్ళకి కనపడకపోతే లేనట్టేనని వాళ్ళ తెలివి. బుట్ట ఆ గుంట దగ్గర ఆగేది గానీ, మురుగు ఆగేది కాదు.

గుంటకి కిందుగా, దిగువ వీధి మొదట్లో ఒక నుయ్యి. వీధి మొత్తానికి అదొక్కటే. వానాకాలం వచ్చిందంటే ఆ నీళ్ళు అదోరకం వాసన వేసేవి. నూతి పక్కనే సన్యాసమ్మ ఇల్లు. సన్యాసమ్మకి ఒక్కతే కూతురు. ఒక వానాకాలం ఆ నీళ్ళు తాగి ఆ కూతురికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపలే ప్రాణం పోయింది. ఆమె బిడ్డ పైడి అప్పటికింకా పలక పట్టుకుని బడికి పోయే పిల్ల.

అప్పుడు సన్యాసమ్మ మెట్ట ఎక్కి పెద్దలని అడిగింది. "మీ మురుగు మా నూతిలోకి వస్తన్నాది బాబూ," అంది. మొదటి ఏడాది "చూద్దాంలే" అన్నారు. రెండో ఏడాది "మా నీళ్ళు గుంటలోనే ఇంకిపోతాయి, మీరే శుభ్రంగా ఉండడం నేర్చుకోండి" అన్నారు. మూడో ఏడాది అసలు అరుగు దగ్గరికే రానివ్వలేదు. విన్నావా కన్నా ఆ మాట! శుభ్రంగా ఉండడం నేర్చుకోవాలట!

సన్యాసమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. కూలికి పోయింది, చింతపండు కొట్టింది, చేతులు పొక్కులెక్కేలా జీడిపిక్కలు ఒలిచింది. పైడిని చదివించింది. పైడి పట్నం వెళ్ళి ఇంజనీరు చదువు చదివింది. ఏ ఇంటి మురుగు ఎటు పారాలి, ఎక్కడ శుభ్రం కావాలి, ఎవరి నూతిలోకీ పోకుండా ఎలా తిప్పాలి, అదీ ఆ పిల్ల నేర్చుకున్న విద్య. ఎన్నో చదువులుండగా అదే ఎందుకు చదివిందో నీకు వేరే చెప్పాలా? చదువు పూర్తయ్యింది. పట్నంలోనే ఉద్యోగమూ వచ్చింది.

కబురు మెట్ట ఎక్కింది. "మన ఊరి పిల్ల ఇంజనీరయ్యిందట!" అనుకున్నారు. చూశావా, ఉద్యోగం వచ్చేసరికి మన ఊరి పిల్ల అయిపోయింది. పెద్దింటి సీతారత్నం గారని ఒకావిడ ఉండేది. ఊళ్ళో బొంతల పని నడిపించేది ఆవిడే. పైడికి బొంత కుట్టాల్సిందేనని ఆవిడ తేల్చేసింది.

అప్పుడు సన్యాసమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున దాచుకున్న కూతురి చీర తీసింది. ఆకుపచ్చ నేతచీర, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయింది. ఆ చీరతోనే పైడి అమ్మ నీళ్ళు మోసింది, ఆ కొంగుతోనే పైడి ముక్కు తుడిచింది. సన్యాసమ్మ దానిలోంచి చేటంత ముక్క కత్తిరించి, మడతపెట్టి, మెట్ట ఎక్కింది. బిడ్డ చదువు చూడకుండా పోయిన తల్లి ఆ బొంతలోనైనా ఉండాలని ఆవిడ ఆశ. అంతకన్నా ఏమీ కోరలేదు.

సీతారత్నం గారు ఆ ముక్కకేసి చూసింది. "ఎందుకులే సన్యాసమ్మా, ముక్కలు సరిపడా వచ్చేశాయి. అది నీ దగ్గరే ఉంచుకో," అంది. చేత్తో ముట్టుకోనైనా లేదు.

సన్యాసమ్మకి ఒళ్ళు భగ్గుమంది. కానీ పిల్ల బొంత కదా అని పళ్ళబిగువున ఓర్చుకుంది. ముక్కని బొడ్లో దోపుకుని ఓ పక్కన నిలబడింది.

అప్పుడు నడుమ ఏ బొమ్మ కుట్టాలన్న మాట వచ్చింది. "ఇంతకీ నీ మనవరాలు చేసే పనేమిటి?" అని అడిగారు.

"మురుగు కాలవలు కడతాది," అంది సన్యాసమ్మ. గట్టిగానే అంది.

అరుగు మీద సూదులు ఆగిపోయాయి. ఒకావిడ ముక్కు మూసుకుంది, అక్కడేదో కంపు కొడుతున్నట్టు. ఇంకొకావిడ "రామ రామ" అంది. మూడో ఆవిడ "కప్పుకునే బొంత మీద మురుగు కాలవేమిటమ్మా, కలలోకి కూడా కంపొస్తుంది" అంది. అందరూ పకపకా నవ్వారు.

ఆ తర్వాత తలా ఒక బొమ్మ చెప్పారు. "ఆడపిల్ల కదా, తామరపువ్వు కుడదాం," అంది ఒకావిడ. "విమానమైతే గొప్పగా ఉంటుంది," అంది ఇంకొకావిడ. సీతారత్నం గారు చెయ్యెత్తి అందరినీ ఆపింది. "ఇంజనీరంటే వంతెన. పెద్ద ఎర్ర వంతెన కుడదాం. చూసినవాళ్ళు మన ఊరి పేరు చెప్పుకోవాలి," అంది.

సన్యాసమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది.

"అమ్మగారూ, బస్సు పనోడికి బస్సు కుట్టినారు. మందులోడికి సీసా కుట్టినారు. ఆడు ఎవులి పుండు కడిగినాడో, ఎవులి చీము తుడిచినాడో మీరు అడగనేదు. నా పిల్ల పని కాడికొచ్చేసరికి కంపొచ్చిందేటి? ఆ మురుగు ఎవులిది? నా పిల్లదా, మీ ఇంట్లోదా? మురుగు పోసినోలికి నేని సిగ్గు, దాన్ని ఎత్తినోలికెందుకు?"

అందులో ఒక్క మాటకైనా జవాబుందా చెప్పు? లేదు. లేదు కాబట్టే సీతారత్నం గారికి కోపం వచ్చింది. "చిన్నా పెద్దా లేకుండా ఆ నోరేమిటి? ఊరు మర్యాద చేస్తుంటే పుచ్చుకోవడం కూడా రాదు నీకు," అని మొహం తిప్పుకుంది. ఎర్ర వంతెనే ఖాయమైంది.

సన్యాసమ్మ మెట్ట దిగి వచ్చేసింది. పక్కింటివాళ్ళ ఫోనులో మనవరాలికి చెప్పుకుంది. పైడి మెత్తని పిల్ల. "పోనీలే అమ్మమ్మా, బొంతే కదా," అంది.

"బొంతే కదా అనకు," అని అరిచింది సన్యాసమ్మ. "ఆళ్ళు సిగ్గుపడింది బొంతకి కాదు, నీకు. మీ యమ్మ గుడ్డని ముట్టుకోనేదే తల్లీ." సన్యాసమ్మ ఆకుపచ్చ ముక్కని మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఇక అక్కడ మెట్ట మీద ఏం జరిగిందో విను. ఎర్ర వంతెనకి ఎర్రగుడ్డ కావాలి. బుట్టలో పాత ఎరుపు ముక్కలున్నాయి గానీ అన్నీ వెలిసినవి. "వెలిసిన వంతెనేమిటి, చూసినవాళ్ళు నవ్వరూ?" అంది సీతారత్నం గారు. సంతకి మనిషిని పంపి నిగనిగలాడే కొత్త ఎర్రగుడ్డ తెప్పించింది. బొంతలో కొత్తగుడ్డ వెయ్యకూడదన్న కట్టు ఎవరు పెట్టారు? వాళ్ళే. సన్యాసమ్మ తెచ్చిన అరిగిన ముక్క పనికిరాలేదు గానీ, అరగని కొత్తగుడ్డ పనికొచ్చింది. గొప్ప కోసం వాళ్ళ కట్టుని వాళ్ళే తుంగలో తొక్కారు.

వంతెన చాలా పెద్దగా వచ్చింది. బొంతలో సగం అదే.

కుట్టడం అయ్యాక బొంతని ఉతికి ఆరెయ్యాలి. ఉతికిన బొంతనే పిల్ల భుజాల మీద కప్పుతారు. ఎగువ వీధిలో రాతిబండ మీద వేసి ఉతికారు. మొదటిసారి ఎర్రనీళ్ళు వచ్చాయి. "కొత్తగుడ్డ కదా," అనుకున్నారు. రెండోసారి ఇంకా ఎర్రగా వచ్చాయి. "కచ్చా రంగు అంటగట్టాడు వెధవ," అని సంతలో అమ్మినవాణ్ణి తిట్టారు. మూడోసారి బిందెలకి బిందెలు కుమ్మరించి ఉతికారు. బొంతంతా మరకలు పడింది, రంగు మాత్రం వదులుతూనే ఉంది. ఆ నీళ్ళన్నీ కాలవలోకి వదిలేశారు. కాలవ ఎర్రగా ఎగువ వీధి దాటింది. నడిమి వీధి దాటింది. ఇసక గుంటలో పడి ఇంకిపోయింది.

ఇంకిపోయిందా? చూద్దాం.

మర్నాడు పొద్దున్న పైడి బస్సు దిగింది. మనవరాలికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిద్దామని సన్యాసమ్మ నూతిలో చేద వేసింది. చేద పైకి వచ్చింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

సన్యాసమ్మ హడలిపోయింది. ఇంకో చేద తోడింది. అదీ ఎరుపే. మూడో చేద తోడింది. అదీ ఎరుపే. "ఒలమ్మో, నూతిలో ఏటి పడ్డాదో!" అని కేక పెట్టింది. వీధంతా పోగయ్యింది. పైడి చెప్పులు విడిచి, నూతి అంచు పట్టుకుని లోపలికి వంగి చూసింది. మెట్ట వైపు రాళ్ళ సందుల్లోంచి ఎర్రనీరు సన్నగా కారుతోంది. మిగిలిన మూడు వైపులా రాళ్ళు పొడిగానే ఉన్నాయి.

"అమ్మమ్మా, నిన్న మెట్ట మీద ఎవులైనా రంగుగుడ్డ ఉతికినారా?" అని అడిగింది పైడి.

సన్యాసమ్మకి ఎర్ర వంతెన గుర్తొచ్చింది. ఇసక గుంట గుర్తొచ్చింది. ఇంకిపోతాయి, ఇంకిపోతాయి అని ఇన్నేళ్ళూ విన్న మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత కూతురు గుర్తొచ్చింది. ఇక ఆ మనిషిని ఆపడం ఎవరి తరం? ఇత్తడి చెంబు నిండా ఆ నీళ్ళు ముంచుకుని, మోకాలి నొప్పి మాటే మరిచిపోయి, గబగబా మెట్ట ఎక్కింది. "అమ్మమ్మా, ఆగు," అంటూ వెనక పైడి. పైడి వెనక దిగువ వీధంతా.

పెద్దింటి అరుగు ముందు ఊరు కూడి ఉంది. బొంతని మడతపెట్టి, మరకలు కనపడకుండా మంచి మడత పైకి తిప్పి, పసుపూ కుంకుమా అద్ది, పీట మీద ఉంచారు. సీతారత్నం గారు పట్టుచీర కట్టుకుని, "రా తల్లీ, రా," అని పైడిని పిలిచింది.

సన్యాసమ్మ ముందుకొచ్చి బొంత పక్కన చెంబు పెట్టింది.

"ముందు దాహం పుచ్చుకోండి అమ్మగారూ. మా నూతి నీళ్ళే. మీ వంతెన మీకన్నా ముందే మా ఇంటికొచ్చీసినాది."

సీతారత్నం గారు చెంబులోకి చూసింది. ఎరుపు. బొంతకేసి చూసింది. అదే ఎరుపు. చెయ్యి ముందుకి రాలేదు.

"తాగండి. ఇంకిపోతాయన్నారు కదా? నా కూతురు తాగినాది. తాగి సచ్చిపోనాది. అప్పుడు రంగు నేదు, మీకు కనపడనేదు. ఇప్పుడు కనపడతన్నాది కదా. ఒక్క గుక్క తాగండి!"

ఒక్కళ్ళూ కదల్లేదు. అప్పుడు సన్యాసమ్మ చెంబు పట్టుకుని అరుగంతా తిరిగింది. ముక్కు మూసుకున్నావిడ ముందు పెట్టింది. ఆవిడ వెనక్కి జరిగింది. రామ రామ అన్నావిడ ముందు పెట్టింది. ఆవిడ తల దించుకుంది. కలలోకి కంపొస్తుందన్నావిడ ముందు పెట్టింది. ఆవిడ ఏడ్చేసింది. ఏడిస్తే ఏం లాభం, పైడి అమ్మ లేచి వస్తుందా?

పైడి మెల్లిగా అమ్మమ్మ చేతిలోంచి చెంబు అందుకుంది. పారబొయ్యబోయి ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. చెంబుతో అలాగే నిలబడింది.

"నేను చదువుకున్నది ఇదేనండి," అంది. "ఈ చెంబెడు నీళ్ళు ఎక్కడ పొయ్యాలో. ఈ ఊళ్ళో పొయ్యడానికి చోటు లేదు. ఎక్కడ పోసినా మా అమ్మమ్మ నూతిలోకే వస్తాయి. నేను వంతెనలు కట్టను. ఈ బొంత నాది కాదు."

అన్నంతసేపూ గొంతు పెంచలేదు. అలాగే అమ్మమ్మని తీసుకుని మెట్ట దిగిపోయింది. ఊరి బొంతని వద్దన్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

ఆ తర్వాత మెట్ట మీదివాళ్ళు ఏం చేశారు? మొదటి రోజు మండిపడ్డారు. రెండో రోజు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోలేకపోయారు. మూడో రోజు సీతారత్నం గారు పెరట్లో బియ్యం కడిగి, కడుగునీళ్ళు కాలవలో పొయ్యబోయింది. చెయ్యి రాలేదు. తపేలా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఎక్కడ పొయ్యాలో ఆవిడకీ తెలియలేదు.

అప్పుడు సీతారత్నం గారు వెదురుబుట్ట చంకన పెట్టుకుని మెట్ట దిగింది. ఇసక గుంట దాటింది. సన్యాసమ్మ గుమ్మం ముందు నిలబడి, "ముక్క వెయ్యమ్మా," అంది. తప్పయిందని మాత్రం అనలేదు. ఆవిడ మనసు వెన్నలా కరిగిపోయిందని చెప్పమంటావా? కథ కదా అని అబద్ధాలు చెప్పను. మెడ ఆ రోజుకీ నిటారుగానే ఉంది. కానీ బుట్ట వచ్చింది.

సన్యాసమ్మ ఉబ్బి తబ్బిబ్బయిపోయిందనుకున్నావా? కాదు. "బుట్ట రావడం గొప్ప కాదమ్మగారూ," అంది. "ముందు కాలవ కట్టండి. తరవాత ముక్క ఏస్తాను." తలుపు దగ్గరగా వేసేసుకుంది.

కాలవ కట్టారు. కట్టక ఏం చేస్తారు? ఎటు నుంచి ఎటు పోవాలో పైడి సెలవు పెట్టి వచ్చి ముగ్గుతో గీసి చూపించింది. ఎగువ వీధి మగవాళ్ళు కూడా గునపాలు పట్టుకుని దిగారు. ఇసక గుంట పూడ్చేశారు. కాలవకి బండలతో మూత వేసి, నూతికి దూరంగా చుట్టు తిప్పి, ఊరి వెలుపల మురుగు శుభ్రపడడానికి కొత్తగా తవ్విన చెరువుల్లోకి వదిలారు. దిగువ వీధి నుయ్యి మొత్తం తోడి, పూడిక తీసి, రాళ్ళ సందులు మూసేశారు.

అప్పుడు సన్యాసమ్మ ఆకుపచ్చ ముక్క తీసుకుని మెట్ట ఎక్కింది. ఎర్ర వంతెన కుట్లు తన చేత్తోనే ఊడదీసింది. అది తీసేసిన చోట, నట్టనడుమ, కూతురి చీర ముక్క పరిచింది. దాని మీద నీలం దారంతో ఒక కాలవ కుట్టారు. అది పై అంచున బయల్దేరి, ఒక తెల్ల నూతి పక్కనుంచి దాన్ని ముట్టుకోకుండా ఒంపు తిరిగి, కింది అంచు దాటి పోతుంది. చుట్టూ ఎగువ వీధి ముక్కలూ, నడిమి వీధి ముక్కలూ, మొట్టమొదటిసారి దిగువ వీధి ముక్కలూ. పాత ఎర్ర మరకలు ఇంకోసారి ఉతికితే పోతాయన్నారు. "ఉండనీండి," అంది సన్యాసమ్మ. పైడి ఆ బొంత భుజాల మీద కప్పుకుని, ఆకుపచ్చ ముక్క మీద చెంప ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. ఏం ఉద్యోగమని ఎవరూ అడగక్కర్లేకపోయింది.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. బాగా కురిసింది. వాన వెలిశాక సన్యాసమ్మ చేద వేసి నీళ్ళు తోడింది. అలవాటు కొద్దీ వాసన చూసింది. నీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడు అదే ఇత్తడి చెంబు నింపుకుని, మెల్లిగా మెట్ట ఎక్కి, సీతారత్నం గారి ముందు పెట్టింది.

"దాహం పుచ్చుకోండి అమ్మగారూ."

సీతారత్నం గారు చెంబులోకి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"రంగు నేదండి," అంది సన్యాసమ్మ. "నా కూతురు తాగినప్పుడూ నేదు."

సీతారత్నం గారు రెండు చేతులతో చెంబు ఎత్తింది. కళ్ళు మూసుకుని, మధ్యలో ఆగకుండా, చివరి చుక్క దాకా తాగింది. సన్యాసమ్మ ఖాళీ చెంబు తీసుకుని ఇంటికి వచ్చేసింది.

మెట్ట మీది మురుగు మూత కాలవలోకి,
ఆకుపచ్చ ముక్క అతుకుల బొంతలోకి,
చల్లని చెంబు నీళ్ళు ఎండిన గొంతులోకి,
కథ పోయె కంచికి, కన్ను జారె నిద్రలోకి.